సూర్యరశ్మితో వర్ణజల శుద్ధి

మైసూరు రోడ్డు మీదుగా రాకపోకలు సాగించు తల్లిదండ్రులకు వృషభావతిని మేము పరిచయము చేయనక్కరలేదు. బసవనగుడిలో దొడ్డబసవన్న గుడి చెంత పుట్టినదని చెప్పబడు ఈ యేరు, నేడు నగరపు మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును మోసికొని బైరమంగళ మీదుగా అర్కావతిలో కలిసి, దాని వెంట కావేరిని చేరుచున్నది. ముక్కు మూసికొని వంతెన దాటుట మనకు అలవాటైనది. బైరమంగళ చెరువు క్రింది పొలములకు మాత్రము చాలాకాలము ఆ నీరే పారినది.

మురుగులోని అనేక పదార్థములను సూక్ష్మజీవులు తిని హరించును. బట్టల కద్దు కృత్రిమ వర్ణములు అంత సులభముగా లొంగవు. ఎండకు, సబ్బునకు వెలియకుండుటకే చేయబడినవి గదా! వీనిని విరుచుటకు శాస్త్రజ్ఞులు వెలుతురు సాయము కోరిరి.

ఇందులకు ముఖ్యముగా వాడునది టైటానియం డయాక్సైడ్. గోడలకు పూయు తెల్లరంగులో నుండునదే. అతినీలలోహిత కాంతి పడిన ఈ పదార్థముచే నీరు ఆమ్లజనిగా, ఉదజనిగా విడిపోవునని 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా ప్రకటించిరి. కాంతి తగులగానే అందలి ఎలక్ట్రాను తన చోటు విడిచి పైకెగయును. ఆ ఖాళీ, నీటినుండి వేరొక ఎలక్ట్రానును లాగికొని, హైడ్రాక్సిల్ అను మిక్కిలి చురుకైన ముక్కను పుట్టించును. అది రంగు అణువును పట్టి తునకలు చేయును. రేణువు చిన్నదైనకొలది అదే బరువునకు ఉపరితలము హెచ్చును. అందుచేతనే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతగు నానోమీటరు లెక్కలోని రేణువులు కావలసివచ్చినవి.

మన బెంగుళూరులోనే, భారతీయ విజ్ఞాన సంస్థలో గిరిధర్ మద్రాస్, ఎం. ఎస్. హెగ్డే ప్రభృతులు దహన పద్ధతిని చేసిన సుమారు 10 నానోమీటర్ల రేణువులతో ఎండలో పలు అద్దకపు రంగులను విరిచి, 2004లో ఫలితములు ప్రకటించిరి. బజారులో దొరకు ప్రసిద్ధమైన పొడికన్న ఇది చురుకుగా పనిచేసెను.

విజ్ఞాన ప్రదర్శనలో ఎవరేని రంగుపోయిన సీసాను చూపి “నీరు శుభ్రమైనది” అన్నచో, పొడి వేసి చీకటిలో నుంచిన సీసా ఏది, పొడి లేక ఎండలో నుంచినది ఏది అని మన పిల్లలు అడుగవలెను. చీకటిలోనూ రంగు తగ్గినచో, తగ్గినంతమట్టుకు అది పొడికి అంటుకొన్నదేగాని విరుగలేదు. విరిగినను, రంగు పోవుట వేరు, విషము పోవుట వేరు. అజో జాతి రంగు నడుమ తెగినంతనే కంటికి కానరాదు. తునకలు నీటిలోనే మిగులవచ్చును, అందు కొన్ని మొదటిదానికన్న హానికరములు. అంతయు బొగ్గుపులుసు వాయువు, నీరు, లవణములుగా మారినదా యనునది నీటిలో మిగిలిన కర్బనమును కొలిచినగాని తెలియదు.

ఈ పొడిని వృషభావతిలో చల్లిన ఫలము లేదు. ఎండలో అతినీలలోహిత కాంతి నూటికి అయిదు పాళ్లకు మించదు. అదియు మురికినీటిలో లోతునకు దిగదు. పని ముగిసిన పొడిని తిరిగి వడగట్టుటయు కష్టమే. మడ్డి తీసిన పిదప, అద్దకపు కర్మాగారపు గట్టుదాటకముందే, పలుచని తొట్లలో వాడదగిన విద్య యిది. ఇంట మాత్రము పిల్లలచే ఈ పొడిని కలిపింపరాదు. ఊపిరితో లోనికి పోవునంతటి సన్నని దుమ్ము.