ఆ ఊరి పేరేమిటి?

సాయంత్రమైంది. చదువుల కేంద్రం అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఒక కుర్రాడు ఫోను పట్టుకుని గబగబా వచ్చాడు.

"పెద్దమ్మా, విన్నావా? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దిగారంట!"

"అయ్యో! ఏ ఊళ్లో నాయనా?"

"మన జిల్లాలోనేనంట."

"జిల్లా సరే. ఊరి పేరు చదువు."

కుర్రాడు ఫోనులో పైకీ కిందికీ వెతికాడు. ఊరి పేరు లేదు. తేదీ లేదు. ఎవరి పిల్లలో లేదు. "అందరికీ పంపండి" అని మాత్రం ఉంది.

ఇది మనం అల్లుకున్న ముచ్చట. కానీ ఇలాంటి సాయంత్రాలు 2018లో ఎన్నో ఊళ్లలో నిజంగా వచ్చాయి. ఊరి పేరు అడిగే పెద్దమ్మ మాత్రం అన్ని చోట్లా లేదు.

ఆ ఏడాది ఏం జరిగిందో చూడండి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల దొంగ అనుకుని జనం కొట్టి చంపారు. ఆమె అడుక్కోవడానికి వచ్చింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. వాళ్లు ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార కులం వాళ్లు. సంత రోజు ఒక పాపతో మాట్లాడారని అనుమానం వచ్చింది. వాళ్లను గ్రామ పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి కొట్టారు. పంచాయతీ అంటే కూర్చుని మాట్లాడుకునే చోటు కదా! ఆ రోజు అక్కడ మాటకు చోటు దొరకలేదు.

అదే నెల 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయాడు. ఇంజనీరు. అతనూ, స్నేహితులూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే. పిల్లల దొంగలని గోల లేచింది. వాళ్లు కారెక్కి బయలుదేరారు. వీడియో మాత్రం వాట్సాప్‌లో వాళ్ల కన్నా ముందే ముర్కి అనే ఊరికి చేరింది. అక్కడి జనం దారికి అడ్డంగా దుంగ వేశారు.

మరి ఆ ఫోన్లలో జనం ఏం చూశారు? చాలామంది చూసిన వీడియో ఒకటుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. ఒక బాబును ఎత్తుకుని పోయారు. చూస్తే ఏ తల్లికైనా గుండె ఆగిపోతుంది. కానీ అది మన దేశంలోదే కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి తీసిన చిన్న సినిమా. అసలు సినిమాలో ఆ ఇద్దరూ తిరిగి వస్తారు. బాబును దించుతారు. హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. మిగిలింది మాత్రమే ఊరూరా తిరిగింది.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని మన పెద్దలు అంటారు. ఈ విషయంలో ఆ సామెతను నేను ఒప్పుకోను. నిప్పు ఎక్కడో కరాచీలో సినిమా కోసం వేసినా, పొగ మన వీధిలోకి వస్తోంది. ఇప్పుడైతే జరగనిది జరిగినట్టు బొమ్మలు చేసే కంప్యూటర్లు వచ్చాయి. మనిషి గొంతును కూడా అచ్చం అలాగే చేస్తున్నాయి.

మనలాంటి కొత్త చదువరులకు ఇంకో చిక్కుంది. ఎన్నో కష్టాలు పడి అక్షరాలు నేర్చుకున్నాం. అందుకే అక్షరం అంటే మనకు గౌరవం. "రాసి ఉంది కదా, అబద్ధం ఎందుకవుతుంది?" అనిపిస్తుంది. రాసింది కూడా ఎవరో ఒక మనిషే. సంతలో బేరగాడి మాట ఎలా వింటామో, కాగితం మాటా, ఫోను మాటా అలాగే వినాలి. కూరగాయలు తిప్పి చూడకుండా కొంటామా?

ఇప్పుడు గద్వాల వైపు వెళ్దాం. అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో కూడా ఈ వదంతి పాకింది. అప్పుడు అక్కడ పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు. ఎండాకాలంలో ఆ ఊళ్లలో జనం ఆరుబయట పడుకుంటారు. ఆ ఏడు పొద్దుగూకగానే తలుపులు మూసుకుంటున్నారని ఊళ్లకు వెళ్లిన పోలీసులు గమనించారు. ఏమిటని అడిగితే ఫోన్లలోని వీడియోలు బయటపడ్డాయి.

ఆ వీడియోలు నమ్మవద్దని ఒక్క నోటీసు అంటించి ఊరుకుని ఉంటే ఎవరు చదివేవారు? పోలీసులు ఊరూరికీ వెళ్లారు. ఇంటింటికీ తిరిగారు. డప్పు చాటింపు వేయించారు. కళాకారులతో పాటలు పాడించారు. ఏదైనా అనుమానం వస్తే మీరు చెయ్యి చేసుకోవద్దు, మాకు ఫోను చేయండి అన్నారు. ఆమె చూసే ప్రాంతంలో 400 పైగా ఊళ్లున్నాయి. ఈ వదంతి వల్ల ఆ ఊళ్లలో ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ జూలైలోనే వాట్సాప్ కంపెనీ కూడా మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చోట్లకు మించి ముందుకు పంపకుండా కట్టడి పెట్టింది. అది మంచిదే. కానీ ఐదు గ్రూపులంటే ఐదు ఊళ్లు కావచ్చు.

మళ్లీ మన అరుగు దగ్గరికి వద్దాం. పెద్దమ్మ కుర్రాణ్ణి తిట్టలేదు. "తెలివి లేదా నీకు?" అని నలుగురిలో అనలేదు. అంటే ఏమవుతుంది? వాడికి రోషం వస్తుంది. తన మాటే నిజమని పట్టుబడతాడు. వాడు పిల్లల మీద ప్రేమతోనే కదా పరుగెత్తుకుని వచ్చాడు!

"మంచి పని చేశావు, మా దగ్గరికి తెచ్చావు. ఇది నీకెవరు పంపారు నాయనా?"

"మా బావ."

"బావకు ఎవరు పంపారంట? ఒకసారి అడుగు."

బావకు ఎవరో గ్రూపులో పెట్టారు. ఆ ఎవరో ఎవరికీ తెలియదు. పెద్దమ్మ ఇంకో పని చేసింది. మన ఊరి ఆడపిల్లల్ని ఇచ్చిన ఊళ్లు ఎన్ని లేవు? కోడళ్లను తెచ్చుకున్న ఊళ్లు ఎన్ని లేవు? చుట్టూ నాలుగు ఊళ్లకు ఫోన్లు చేయించింది. "మీ దగ్గర పిల్లలెవరైనా తప్పిపోయారా?" అని అడిగించింది. ఎక్కడా లేదు. తర్వాత పోలీస్ స్టేషన్‌కు ఫోను చేయించింది. అక్కడా అలాంటి ఫిర్యాదు రాలేదన్నారు.

అప్పుడు కుర్రాడికి అసలు కష్టం ఎదురైంది. అప్పటికే అతను దాన్ని మూడు గ్రూపులకు పంపేశాడు.

"ఇప్పుడు తప్పని చెబితే నవ్వుతారు పెద్దమ్మా."

"నవ్వనీ. నువ్వు రాయి, నేను చెబుతాను."

ఇద్దరూ కలిసి ఇలా రాశారు: "పొద్దున నేను పంపిన మెసేజ్ నిజం కాదు. చుట్టూ నాలుగు ఊళ్లు కనుక్కున్నాం. ఎవరూ తప్పిపోలేదు. మీరు ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకు కూడా ఈ మాట చెప్పండి." దాన్ని కూడా ఆ మూడు గ్రూపుల్లోనే పెట్టాడు.

మర్నాడు ఊళ్లోకి పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే మనిషి వచ్చింది. కొత్త మనిషి. మాట యాస వేరు. ఒకామె తలుపు వేసుకోబోయింది. పెద్దమ్మ ఎదురెళ్లి, "ఏ ఊరు తల్లీ మీది? మంచినీళ్లు తాగుతావా?" అని అడిగింది.

మాట్లాడుకోండి

మన ఊరికి ఏడాదిలో ఎవరెవరు కొత్తవాళ్లు వస్తారు? గంగిరెద్దులవాళ్లు, సామాన్లు అమ్మేవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, ఇంకా ఎవరు? వాళ్లను మనం ఎలా పలకరిస్తాం?

కొన్నేళ్ల కిందట చాలా ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. మీ ఊళ్లో రాశారా? ఆ మాట మొదట ఎవరు చెప్పారో ఎవరికైనా గుర్తుందా?

ఎవరినైనా జనం చుట్టుముడితే వెంటనే 100కు గానీ, 112కు గానీ ఫోను చేయాలి. ఈ నంబర్లు మీ ఇంట్లో పిల్లలకు తెలుసా?

చేయండి

ఈ వారం మీ ఫోనుకు వచ్చిన మెసేజ్‌లలో భయం పుట్టించేది ఒకటి తీయండి. అందులో ఊరి పేరు, తేదీ, కళ్లారా చూసిన మనిషి పేరు వెతకండి. దొరికినవి పలక మీద రాయండి. రేపు కేంద్రానికి వచ్చేటప్పుడు పలక తెచ్చుకోండి.