కథలో అన్నము – ఆనవాలు

కథాకావ్యములలో ఆహారప్రస్తావన రెండు విధములుగా కనిపించును. ఒకటి సమృద్ధిని చాటు వర్ణనము. రెండవది తినువాడెవడో, ఏ సీమవాడో తెలుపు ఆనవాలు. తరగతిలో మొదటిదానినే వివరించుట పరిపాటి. రెండవదానిని విడిచినచో కథాస్వారస్యము కొంత జారిపోవును.

ఈ రెండవ విధమునకు ప్రాచీనోదాహరణము మహాభారతారణ్యపర్వములోని నలోపాఖ్యానము. రూపము మారిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువులో నుండెను. దమయంతి కేశినిచేత అతడు వండిన మాంసమును తెప్పించి, రుచి చూచి, వండినవాడు నలుడేయని నిశ్చయించుకొన్నది. శాకుంతలములో ఉంగరము చేసిన పనిని ఇచట రుచి చేసినది. ఉంగరము నీట జారిపోయినది. చేతిరుచి మాత్రము రూపము మారినను పోలేదు.

వ్యక్తికి చెల్లిన ఈ న్యాయము జాతికిని చెల్లును. సంస్కృత భాగవత దశమస్కంధము, పదమూడవ అధ్యాయములో గోపబాలుర నడుమ కృష్ణుని ఎడమచేతిలో నున్నని కబళము, వ్రేళ్ల సందున ఫలములు ఉన్నవి. పోతన ఆ కబళమును మీగడపెరుగు కలిపిన చల్దిముద్దగను, ఫలములను ఊరుగాయలుగను చేసినాడు. ఈ చిన్న మార్పుతో యమునాతీరము తెలుగు పల్లెబీడైనది.

అయితే ఇచట రెండు జాగ్రత్తలు అవసరము. మామిడితోటల సీమయైన తిరువూరు వంటి చోట విద్యార్థి ‘ఊరుగాయ’ యనగానే ఎర్రని ఆవకాయను తలచుట సహజము. కాని మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దిలో భారతదేశమునకు వచ్చినది. పోతన 15వ శతాబ్దివాడు. ఆతని ఊరుగాయలో మిరపకారమును ఊహించుట కాలవిరుద్ధము. దినుసులు మారినవి, కాయను ఊరవేసి దాచుకొను పద్ధతి నిలిచినది.

రెండవది: ప్రతి వంటకమును మనకే ప్రత్యేకమని చెప్పరాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున అతిథులకు వరుగులు, వడియములు వడ్డించినాడు. ఎండలో ఎండబెట్టినది వానలో అక్కరకు వచ్చు గృహిణీజ్ఞానము అందులో ఉన్నది. కాని కథాస్థలము శ్రీవిల్లిపుత్తూరు. అట్టి వంటకములు తమిళులకును కలవు. అవి దక్షిణదేశపు ఉమ్మడి సొత్తు.

ఆధునిక కథలో శ్రీరమణ ‘మిథునం’ ఈ సంప్రదాయమునకు చేరినది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి అను వృద్ధదంపతుల అనురాగము పెరటిపంటలోను, వంటింటి వాదములోను వ్యక్తమగును. ఆ రుచులను తీసివేసినచో దాంపత్యకథయే మిగులదు. 2012లో తనికెళ్ల భరణి దీనిని చలనచిత్రముగా తీసినారు.

కావున ఆహారపదము వచ్చినచోట అధ్యాపకుడు మూడు ప్రశ్నలు వేయదగును. మూలములో ఏమున్నది? ఆ కాలమున ఆ దినుసు ఉన్నదా? ఎవరు ఎవరితో కలిసి తినిరి? మూడవది ముఖ్యము. ఆహారము మనుషులను వేరుచేయుటకును గుర్తైనది. పోతన ఘట్టములో యజ్ఞభోక్త గొల్లపిల్లలతో కూడి భుజించినాడు. అచట ఊరుగాయ పంక్తిభేదమునకు గాక చెలిమికి గుర్తు.

టీకలలో ‘ఒక భక్ష్యవిశేషము’ అని వ్రాసి సాగిపోవుట సులభము. వండు పెద్దలు గతించిన పిమ్మట ఆ రెండు మాటలే మిగులును. ఆ వంట తెలిసినవారు ఉండగనే అడిగి వ్రాసికొనుటయు వ్యాఖ్యాత చేయవలసిన పనియే.