కర్మశాలయందు యజ్ఞభావము

మానవుడు ఏల పనిచేయును? ఆకలి తీరుటకా, ధనము కూడబెట్టుటకా, నలుగురి మెప్పు పొందుటకా, లేక కర్మ చేయక నిలువజాలని స్వభావము గలవాడగుటచేతనా? ఈ ప్రశ్న వేదాంతమునకు క్రొత్తది కాదు. యంత్రయుగమున దీనిని కర్మాగారముల నిర్వాహకులును, మనశ్శాస్త్రజ్ఞులును చేపట్టి, పరీక్షలు జరిపి, పెక్కు సిద్ధాంతములను నిర్మించిరి. వానియందలి సత్యమును గౌరవముతో గ్రహించి, మన శాస్త్రములు ఉపదేశించిన యజ్ఞభావముతో పోల్చి చూచుట ఉద్యోగికిని, అధికారికిని ప్రయోజనకరము.

పాశ్చాత్యుల అన్వేషణము

అమెరికా దేశీయుడగు ఫ్రెడరిక్ టేలరు 1911లో శాస్త్రీయ నిర్వహణమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. శ్రామికుని ప్రతి కదలికను గడియారముతో కొలిచి, పనికి ఉత్తమమార్గమును నిపుణుడు నిర్ణయింపవలెననియు, ఆ మార్గమున నడచినవానికి హెచ్చు కూలి ఈయవలెననియు ఆయన మతము. 1899లో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారమున ఇనుపదిమ్మెలు మోయు ఒక కూలివాడు దినమునకు 12.5 టన్నులకు మారుగా 47.5 టన్నులు మోసెననియు, అతని కూలి 1.15 డాలర్లనుండి 1.85 డాలర్లకు పెరిగెననియు ఆయన వ్రాసెను. పని దాదాపు నాలుగు రెట్లయ్యెను. కూలి రెండు రెట్లైనను కాలేదు. టేలరు ఇరుపక్షముల మేలును కోరినవాడే. కాని ఆ పద్ధతియందు ఆలోచన ఒకరిది, చేతులు మరొకరివి.

ఆ పిమ్మట షికాగో సమీపమునందలి హాథార్న్ కర్మాగారమున 1924 మొదలు 1932 వరకు పరీక్షలు జరిగినవి. దీపకాంతిని పెంచినప్పుడు పని పెరిగెను. తగ్గించినప్పుడు సైతము అనుకొనినట్లు తగ్గలేదు. మనుష్యుని కదిలించునది కూలియు, వెలుతురును మాత్రమే కావనియు, తోడివారి స్నేహమును, తన్ను ఒకరు గుర్తించుచున్నారను భావమును బలవత్తరములనియు ఎల్టన్ మేయో మొదలగువారు నిర్ణయించిరి. తరువాతి పండితులు ఆ లెక్కలను తిరిగి పరిశీలించి కొన్ని సందేహములు వెలిబుచ్చిరి. అయినను శ్రామికుడు యంత్రమునకు అనుబంధము కాడను భావము నిలిచినది.

1943లో అబ్రహాము మాస్లో మానవుని అవసరములను సోపానక్రమమున వివరించెను. దేహపోషణము, భద్రత, ప్రేమ, గౌరవము అనువాని పైన తనయందలి శక్తులను పూర్ణముగా వికసింపజేసికొనుట ఉన్నదని ఆయన చెప్పెను. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మాస్లో చెప్పిన 'తాను' వ్యక్తియే గాని వేదాంతము చెప్పు ఆత్మ కాదు. అయినను 1970లో మరణించుటకు పూర్వము, తన చివరి సంవత్సరములలో, ఆయన ఆ సోపానమునకు మీద మరియొక మెట్టును చూపెను. అది తన్ను తాను అతిక్రమించి తనకంటె గొప్పదానికి అర్పితుడగుట. అన్వేషణము నిజాయితీగలదైనచో ఎచ్చటికి చేరునో దీనివలన తెలియుచున్నది.

యజ్ఞచక్రము

పై సిద్ధాంతములలో మొదటివి ముఖ్యముగా ఒకే ప్రశ్నకు సమాధానములు: ఏమి ఇచ్చినచో మనుష్యుడు ఎక్కువ పనిచేయును? భగవద్గీత మూడవ అధ్యాయము వేరొక ప్రశ్నను మన ముందుంచుచున్నది: ఈ కర్మ ఎవరికొరకు? ప్రజాపతి ప్రజలను యజ్ఞముతో కూడ సృజించెననియు, దేవతలు మానవులను, మానవులు దేవతలను పోషించుచు ఉభయులును శ్రేయస్సు పొందవలెననియు అచ్చట ఉపదేశింపబడినది. తనకొరకు మాత్రమే వండుకొనువాడు పాపమునే భుజించునని గీత నిష్కర్షగా చెప్పుచున్నది. ఈ దృష్టిలో ఒకని అభివృద్ధి మరొకని నష్టము కానేరదు. చక్రమునందు ఒక ఆకు విరిగినచో బండి అంతయు ఆగును గదా!

జనకాదులు ఈ భావముతోనే, లోకసంగ్రహార్థము, కర్మ నొనర్చిరి. స్వామి వివేకానందులు 1895–96 సంవత్సరములలో న్యూయార్కు నగరమున కర్మయోగమును గూర్చి ప్రసంగించుచు, బానిసవలె గాక స్వతంత్రునివలె, ప్రేమతో పనిచేయుమని బోధించిరి. 1897లో వారు స్థాపించిన సంఘమున కూడ స్వీయమోక్షమును, జగత్తు యొక్క హితమును విడదీయరాని ఆదర్శములుగా నిలిచినవి.

యజమాని ఎవరు?

ఇచ్చట ఒక గొప్ప అపాయము కలదు. ఫలాపేక్ష లేక పనిచేయుమను బోధను ఫలమంతయు తానే భుజించువాడు ఇతరులకు చేయవచ్చును. 'కర్మయోగివి గమ్ము, జీతము అడుగకుము' అని అధికారి పలికినచో అది గీత కాదు, లోభము.

తెలుగున కర్మాగారపు అధిపతిని యజమాని అందుము. ఆ మాటకు మూలము 'యజమానుడు', అనగా యజ్ఞము చేయువాడు. సోమయాగమున పదునారుగురు ఋత్విజులు ఉందురు. హోత, అధ్వర్యువు, ఉద్గాత తమ తమ వేదభాగములను నిర్వహింతురు. బ్రహ్మ అను ఋత్విజుడు దాదాపు మౌనముగా ఉండి లోపములను సరిదిద్దును. ఒక్కరు తప్పినను యాగము చెడును. మరి యజమానుని పని యేమి? ఆహుతి పడునప్పుడు 'ఇది నాది కాదు' అని త్యాగవాక్యము పలుకుట, పనిచేసినవారికి దక్షిణ నొసగుట. అన్నము పంచిపెట్టని, దక్షిణ లేని యజ్ఞమును గీత పదునేడవ అధ్యాయము తామసమని వర్ణించినది. కావున త్యాగమును మొదట ఆచరింపవలసినవాడు యజమానియే. న్యాయమైన జీతము యజ్ఞమున అంగము, దయాభిక్ష కాదు.

అహమ్మదాబాదు నేర్పు పాఠము

ఈ విషయమునకు మన దేశముననే నిదర్శనములు కలవు. 1918లో అహమ్మదాబాదు నగరపు నేతమిల్లుల కార్మికులు 35 శాతము వేతనవృద్ధి కోరగా, యజమానులు 20 శాతమే ఇత్తుమనిరి. యజమానుల పక్షమున అంబాలాల్ సారాభాయి, కార్మికుల పక్షమున ఆయన సోదరి అనసూయాబెన్ నిలిచిరి. గాంధీమహాత్ముని ఉపవాసానంతరము వివాదము మధ్యవర్తికి అప్పగింపబడెను. తుదకు 35 శాతమే న్యాయమని తీర్పు వచ్చెను. ఆ అక్కాతమ్ముల ఆప్యాయత మాత్రము చెడలేదు.

ఆ నగరముననే 1953లో కాలికో మిల్లునందు ఇంగ్లండు దేశీయుడగు ఏ. కె. రైస్ మరియొక పరీక్ష జరిపెను. స్వయంచాలక మగ్గముల శాలయందు 224 మగ్గములకు 29 మంది పనివారు ఉండిరి. వారి పనులు పండ్రెండు విధములుగా విభక్తమైయుండుటచే, ఎవరి పని వారిదే గాని శాల ఎవరిదియు కాకపోయెను. కొన్ని మగ్గముల పూర్తి బాధ్యతను ఒక చిన్న బృందమునకు అప్పగింతమను సూచన రాగానే పనివారు తామే ముందుకు వచ్చి బృందములను ఏర్పరచుకొనిరి. కాలక్రమమున ఉత్పత్తి పెరిగెను, చెడిపోవు వస్త్రము తగ్గెను. మొదటి ఘటన పంపకమునందలి న్యాయమును, రెండవది బాధ్యతయందలి భాగస్వామ్యమును నేర్పుచున్నవి. రెండును లేనిచో యజ్ఞము లేదు.

సాధన

అధికారి తన క్రింది వారిని చూచినప్పుడు 'వీరిచే ఎంత పని చేయింపగలను?' అను ప్రశ్నకు ముందు 'ఈ పనియందు వీరు ఎట్లు ఎదుగుదురు?' అని ప్రశ్నించుకొనవలెను. ఉద్యోగి తనకు రావలసినదానిని ధర్మముగా కోరుచునే, తన చేతి పని ఎవరి ఇంటికి చేరునో వారిని భగవత్స్వరూపులుగా భావించి లోపము లేకుండ చేయవలెను. తోడివాని నేర్పు పెరిగినప్పుడు సంతోషించుటయు, తనకు తెలిసినది దాచక నేర్పుటయు ఇరువురికిని నిత్యసాధనలు. కూలి చేతులను కదిలించును, మెప్పు మనస్సును కదిలించును. అర్పణభావము మనుష్యునే మార్చును. అట్టి భావము నెలకొన్న కర్మశాల యజ్ఞశాలయే యగును.