బోరు నీళ్లలో నైట్రేట్: తప్పంతా యూరియాదేనా?

ప్రశ్న: పంజాగుట్టలో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో లీటరుకు 70 మి.గ్రా. నైట్రేట్ ఉందని రిపోర్టు వచ్చింది. కౌలుకిచ్చిన మా ఊరి పొలం దగ్గరా ఇదే గొడవ. యూరియా ధర పెంచితే తగ్గదా?

జవాబు: భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పరిమితి లీటరుకు 45 మి.గ్రా. ఆ నీళ్లు తాగకండి, పసిపిల్లల పాలలో అసలు కలపకండి. కాచితే నైట్రేట్ పోదు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. హైదరాబాద్ నడిబొడ్డున పంజాగుట్టలో పొలాలెక్కడివి? అక్కడ ముందు అనుమానించాల్సింది మురుగు పైపుల లీకేజీని.

ఊళ్లో సంగతి వేరు. 45 కిలోల యూరియా బస్తా సుమారు 266 రూపాయలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 లెక్కన అది 11 కిలోల వడ్ల ఖరీదు. దిగుబడి పడిపోతుందేమోనని ఇంకో బస్తా చల్లడం రైతుకు చవకైన బీమా; పైరు తీసుకోనిది నైట్రేట్‌గా నేలలోకి ఇంకితే నష్టం ఆ పక్క బావి నీళ్లు తాగేవాళ్లది. ధర పెంచి, ఇప్పుడు యూరియాపై ఇస్తున్న సబ్సిడీని ఎకరాకు నగదుగా ఇవ్వడం లెక్కప్రకారం సరైందే. కానీ ఆ నగదు పట్టాదారుకే, అంటే మీకే చేరుతుంది, భారం కౌలురైతుది! ఈలోగా ఆయనకో ఆకురంగు పట్టిక కొనివ్వండి. దానితో పోల్చి చూసి, ఆకు పాలిపోయినప్పుడే, దఫాలుగా చల్లితే బస్తా మిగలొచ్చు.