పెళ్లి వీసాపై జర్మనీ వెళ్లే మన ఆడబిడ్డలు – చిరునామా నమోదు



ఒకప్పుడు మన ఇళ్లలో విదేశమంటే గల్ఫే. భర్త అక్కడ, భార్య ఇక్కడ. ఇప్పుడు ఇంజనీరింగ్ చదివిన అల్లుళ్లు జర్మనీలో ఉద్యోగాలు చూసుకుని, నికాహ్ అయిన కొన్ని నెలలకే భార్యను కూడా పిలిపించుకుంటున్నారు. మీ సదఖాతో చదువుకున్న అమ్మాయిల్లోనూ అలా వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఫీజులు కట్టాం, నికాహ్‌నామా తర్జుమాలు చేయించాం, వీసా కాగితాలు సర్దిపెట్టాం. విమానం దిగాక మొదటి రెండు వారాల్లో ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. చెప్పడానికి మాకే తెలియదు. ఆ లోటు ఒక అమ్మాయి వల్ల బయటపడింది.

ఆ అమ్మాయి భర్త ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఊళ్లో మరొకరి ఫ్లాట్‌లో గది తీసుకుని ఉన్నాడు. ఆ ఫ్లాటేమో ఇంకొకరి దగ్గర అద్దెకు తీసుకున్నది. అసలు యజమానికి చెప్పకుండా గది ఇచ్చారు కనుక, ‘ఈ చిరునామాపై ఎవరి పేరూ రాయించకూడదు’ అన్నది వాళ్ల షరతు. అబ్బాయి తన పేరును పాత ఇంటి మీదే ఉంచేసి నెట్టుకొచ్చాడు. భార్య వచ్చాక బండి ఆగిపోయింది. చిరునామా లేదు కనుక పన్ను నంబరు రాలేదు, బ్యాంకు ఖాతా తెరవలేదు, రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు తీసుకోలేదు. చేతిలోని వీసా మూడు నెలలదే. రెండు నెలలు గడిచాక వాళ్లమ్మ మా దగ్గరికొచ్చి, “మొగుడితోనే ఉంది కదా టీచర్‌గారూ, ఇంకా అడ్రసేంటి?” అంది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

జర్మనీలో చిరునామా నమోదు విదేశీయులకు పెట్టిన ప్రత్యేక నిబంధన కాదు. అక్కడ పుట్టి పెరిగినవారు కూడా ఇల్లు మారితే నమోదు చేయించుకోవాల్సిందే. దాన్ని ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. 2015 నవంబర్ 1 నుంచి దేశమంతటికీ ఒకే చట్టం ఉంది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి పౌరసేవా కార్యాలయానికి వెళ్లాలి. ఆలస్యమైతే వెయ్యి యూరోల వరకు జరిమానా వేయవచ్చు. మన దేశంలోనూ 180 రోజులకు మించిన వీసాపై వచ్చే విదేశీయులు 14 రోజుల్లో నమోదు చేయించుకోవాలన్న నియమం ఉండనే ఉంది. కాబట్టి ఇది మన పిల్లలను అనుమానించి పెట్టిందని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

తీసుకెళ్లాల్సినవి పాస్‌పోర్టు, వివాహ ధ్రువపత్రం, ఇంటి యజమాని రాసిచ్చే ధ్రువీకరణ. అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ మూడోదే. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు. ‘ఫలానా వ్యక్తి ఫలానా తేదీన నా ఇంట్లో చేరారు’ అని ఇల్లిచ్చినవారు సంతకం పెట్టాలి. అలా ఇవ్వడం వారి చట్టబద్ధమైన బాధ్యత. గది ఇచ్చింది అద్దెదారే అయితే అతనే సంతకం చేయాలి. ఇది దొరకని ఇల్లు ఎంత చవకైనా పెళ్లి వీసాపై వచ్చే అమ్మాయికి పనికిరాదు. స్నేహితుల చిరునామా రాయించుకుని వేరేచోట ఉండటం ఇంకా ప్రమాదం. నిజంగా కాపురం లేని చిరునామాను నమోదు కోసం ఇచ్చినవారికి యాభై వేల యూరోల వరకు జరిమానా ఉంది.

సంబంధం చూసేటప్పుడు మనవాళ్లు జీతమెంత, కారుందా అని అడుగుతారు. ‘మీ ఇంటి యజమాని మా అమ్మాయి పేరున ధ్రువీకరణ ఇస్తాడా?’ అని అడిగినవాళ్లను మేము ఒక్కరినీ చూడలేదు. నికాహ్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న ఇది. అడిగితే అబ్బాయి తరఫువాళ్లు చిన్నబుచ్చుకోరు. చిన్నబుచ్చుకుంటే అదీ ఒక సమాచారమే.

నమోదు ఫారంలో మతం గడి ఉంటుంది. అది చూసి కొందరు పిల్లలు భయపడ్డారు. అది చర్చి పన్ను కోసం. కాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చీల సభ్యుల దగ్గర ఆదాయపు పన్ను మీద రాష్ట్రాన్ని బట్టి 8 లేదా 9 శాతం అదనంగా వసూలు చేసి ప్రభుత్వం ఆ చర్చీలకు ఇస్తుంది. మనకు ఆ పన్ను లేదు. తెలియక పొరపాటున ఏదో ఒక చర్చి గడిలో టిక్కు పెడితే మాత్రం జీతంలో కోత పడవచ్చు. చదివి సంతకం పెట్టమని చెప్పండి.

నమోదయ్యాక పదకొండు అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఇక్కడో చిన్న విషయం ఉంది, దీని దగ్గర చాలామంది ఇబ్బంది పడ్డారు. అక్కడి అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఫ్లాట్ నంబర్లుండవు. పోస్టుమేన్ ఉత్తరాల పెట్టె మీది పేరు చూసి ఉత్తరం వేస్తాడు. మన అమ్మాయిలకు పెళ్లయ్యాక కూడా ఇంటిపేరు మారదు. పెట్టె మీద భర్త పేరు ఒక్కటే ఉంటే భార్య పేరున వచ్చే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. చేరిన రోజే పాస్‌పోర్టులో ఉన్నట్టుగా ఆమె పేరు రాసి అంటించాలి.

ఆ తర్వాత, వీసా గడువు ముగియకముందే విదేశీయుల కార్యాలయంలో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఏ కార్యాలయానికి వెళ్లాలన్నది సాధారణంగా నమోదైన చిరునామాను బట్టే ఉంటుంది. భార్యగా వచ్చే ఆ పర్మిట్‌తో ఆమె ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. దేశం లోపల ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ రెండు వారాల్లో కొత్త చిరునామా నమోదు చేయించాలి. పాత ఊళ్లో వేరుగా రద్దు చేయించనక్కర్లేదు.

రద్దు చేయించడమన్నది దేశం విడిచి వెళ్లేటప్పుడే. మన తల్లులు జాగ్రత్తగా వినాల్సింది ఇక్కడే. అమ్మాయిని పురిటికి పుట్టింటికి తీసుకురావడం మన ఆచారం. వచ్చి, నలభై రోజులై, బిడ్డకు కాస్త ఒళ్లొచ్చేదాకా ఉండమంటాం. కానీ జర్మనీ బయట ఆరు నెలలు దాటితే సాధారణ రెసిడెన్స్ పర్మిట్ దానంతటదే రద్దవుతుంది. భర్తది బ్లూ కార్డ్ అయితే పన్నెండు నెలల వరకు వెసులుబాటుంది. ఎక్కువ కాలం ఉండాల్సి వస్తే బయలుదేరేముందే ఆ కార్యాలయం దగ్గర రాతపూర్వకంగా గడువు తీసుకోవాలి. అమ్మాయి ఇక్కడ ఉండగా అక్కడ ఆమె నమోదును రద్దు చేయిస్తే, శాశ్వతంగా వెళ్లిపోయిందని అధికారులు అనుకునే అవకాశముంది. అందుకే ఆమె నమోదు పత్రం నకలు ఆమె దగ్గరే ఉండాలి. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు ఎటూ ఆమె చేతిలోనే ఉండాలి. అల్లుడి మంచితనం మీద అనుమానంతో చెప్పడం లేదు. చాలామంది అల్లుళ్లు మంచివాళ్లే.

కాపురం కుదరని ఇళ్లూ ఉంటాయి. భార్యాభర్తలు వేర్వేరు చిరునామాల్లో నమోదైతే ‘కలిసి ఉంటున్నారా’ అన్న ప్రశ్న వస్తుంది, ఎందుకంటే పర్మిట్ ఇచ్చిందే కాపురం కోసం. జర్మనీలో మూడేళ్లు కలిసి కాపురం చేశాక విడిపోతే ఆమెకు సొంతంగా ఉండే హక్కు వస్తుంది. హింస వంటి తీవ్ర కష్టముంటే మూడేళ్లు నిండనక్కర్లేదు. ‘అడ్రసు మారిస్తే వీసా పోతుంది’ అన్న భయంతో దెబ్బలు తింటూ కూర్చోవద్దని ప్రతి అమ్మాయికీ చెప్పాలి. ఆమె కొత్త చిరునామా ఇతరులకు ఇవ్వకుండా నమోదు కార్యాలయంలో ఆంక్ష పెట్టించుకోవచ్చు. స్త్రీల సహాయ నంబరు 116 016. రాత్రీపగలూ ఉచితం, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు.

తల్లిదండ్రులు చూసి రావడానికి వెళ్తే ఈ బాదరబందీ లేదు. మూడు నెలల లోపు ఉండే చుట్టాలకు నమోదు అవసరం లేదు.

మా దగ్గరికొచ్చిన తల్లి కూతురు మూడో నెలలో వేరే ఇల్లు చూసుకుంది. అద్దె బాగా ఎక్కువ. కానీ యజమాని అడిగిన రోజే సంతకం పెట్టాడు. వీసాకు పదకొండు రోజులు మిగిలుండగా దరఖాస్తు పడింది. ఆ అదనపు అద్దెకు మొదటి నెల సాయం అడిగితే మన నిధిలో అలాంటి పద్దు లేదు. కమిటీలో ముగ్గురు సభ్యులు తమ జేబుల్లోంచి వేసుకున్నారు.

నికాహ్ సాయం పద్దులో మంచం, బీరువా, వంటసామాను ఉన్నాయి. విదేశం వెళ్లే అమ్మాయికి ఆ బీరువా ఇక్కడే ఉండిపోతుంది. అలాంటి పిల్లల వరకు ఆ సొమ్ములో కొంత మార్చి, బయలుదేరేముందు ఒక పూట క్లాసుకు, కాగితాల నకళ్లకు, అత్యవసర నిధికి కేటాయించాలని కమిటీ ముందు పెట్టాం. దాతలు ఒప్పుకుంటేనే అది జరుగుతుంది. క్లాసు మాత్రం రంజాన్ తర్వాత మా స్కూలు గదిలోనే పెడుతున్నాం. ఇప్పటికి ఇద్దరమ్మాయిలు పేర్లిచ్చారు. వాళ్లలో ఒకరి అత్తగారు కూడా వస్తానన్నారు.