చక్కెర పువ్వు తెల్లగా ఎందుకుంటుంది?

ఫాల్గుణ మాసం వచ్చిందంటే మా జహీరాబాదు బజారులో చక్కెర పేర్లు వేలాడుతూ కనిపిస్తాయి. పువ్వులూ బిళ్ళలూ వరసగా దారానికి గుచ్చినట్టుండే ఈ దండలను హోలీ పండుగకు చిన్నపిల్లల మెడలో వేస్తారు. కొందరు ఎండు కుడుకల పేర్లు కూడా కలిపి ఇస్తారు. సరిహద్దు దాటి మహారాష్ట్రకు వెళితే వీటినే గాఠీ అంటారు. అక్కడ గుఢీ పాడ్వా నాడు గుఢీకి కడతారు. కోస్తా జిల్లాల్లో పెళ్ళిళ్ళకు పంచే పంచదార చిలకలు, కర్ణాటకలో సంక్రాంతికి పంచే సక్కరె అచ్చులు కూడా వీటి చుట్టాలే.

పిల్లలూ, ఆ పువ్వును ఒకదాన్ని చేతిలోకి తీసుకొని చూడండి. సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. దీపానికి అడ్డంగా పెడితే అవతలి వస్తువు కనపడదు. కాని అచ్చులో పోయడానికి కొంచెం ముందు, గంజులో ఉన్న పాకం అద్దంలా తేటగా ఉంటుంది. అందులో సున్నం కలపలేదు, పిండి కలపలేదు. మరి ఈ తెలుపు ఎక్కడినుంచి వచ్చింది?

"పాలు పోస్తారు కదా సార్!" అని మీలో ఎవరైనా అనవచ్చు. పోసే మాట నిజమే. పాకం మరిగేటప్పుడు రెండు మూడు చెంచాల పాలు పోస్తారు. అయితే ఆ వేడికి పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి, చక్కెరలోని మడ్డిని పట్టుకొని నురుగుతోపాటు పైకి తేలుతాయి. ఆ నురుగును గరిటెతో తీసి పారేస్తారు. పాలు పోసిన తరువాత పాకం ఇంకా తేటపడుతుంది. కాబట్టి తెలుపుకు కారణం పాలు కాదు.

కారణం తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. గది ఉష్ణోగ్రతలో, అంటే 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, 100 గ్రాముల నీరు సుమారు 220 గ్రాముల చక్కెరను కరిగించుకోగలదు. అంతకు మించి వేస్తే అడుగున మిగిలిపోతుంది. అదే సంతృప్త ద్రావణం. నీటిని వేడిచేసిన కొద్దీ ఇంకా ఎక్కువ కరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర 480 గ్రాముల పైమాటే. ఇక పాకాన్ని మరిగిస్తూ పోతే నీరు ఆవిరైపోతుంది, చక్కెర పాలు పెరుగుతుంది, మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. చల్లని నీటిలో ఒక చుక్క వేస్తే మెత్తగా ఉండకట్టే స్థితికి వచ్చేసరికి ఉష్ణోగ్రత 115 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అప్పుడు 100 గ్రాముల పాకంలో దాదాపు 85 గ్రాములు చక్కెర, 15 గ్రాములు నీరు. పాకం చేసేవారి దగ్గర ఉష్ణమాపకం ఉండదు. వారి వేలిముద్దే వారి ఉష్ణమాపకం.

ఇప్పుడు ఈ పాకం చల్లబడి 30 డిగ్రీలకు వచ్చిందనుకుందాం. ఉన్న 15 గ్రాముల నీరు 33 గ్రాముల చక్కెరనే పట్టి ఉంచగలదు. మిగిలిన 52 గ్రాములు? బయటికి రావలసిందే! కాని చక్కెర అణువులు ఒక క్రమంలో పేర్చుకొని స్ఫటికం కావాలంటే, మొదట ఎక్కడో ఒక చిన్న బీజం ఏర్పడాలి. అది ఏర్పడేదాకా పాకం తన శక్తికి మించిన బరువు మోస్తూ తేటగానే ఉంటుంది. దీన్నే అతిసంతృప్త ద్రావణం అంటారు.

పేర్లు చేసేవారి పనితనమంతా ఈ బీజం దగ్గరే ఉంది. సరైన అదను చూసి, కర్ర తెడ్డుతో పాకాన్ని గంజు అంచుకేసి గట్టిగా రుద్దుతారు. ఆ రాపిడికి లెక్కలేనన్ని బీజాలు ఒక్కసారిగా పుడతాయి. అన్నీ చక్కెర కోసం పోటీ పడతాయి కనుక ఏ ఒక్కటీ పెద్దది కాలేదు. పాకం మసకబారి పాలరంగుకు తిరుగుతుంది. వెంటనే, ముందే నీళ్ళలో నానబెట్టి, గాడి పొడవునా దారం పరిచి ఉంచిన కొయ్య అచ్చుల్లో పోసేస్తారు. తడి కొయ్యకు పాకం అంటుకోదు. కొద్ది నిమిషాల్లోనే పువ్వు గట్టిపడుతుంది, దారం దాని పొట్టలోనే బిగుసుకుపోతుంది. చూశారా, ఆ దండను గుచ్చింది సూది కాదు!

ఒక్కొక్క స్ఫటికం గాజులా పారదర్శకమే. కాని కోట్ల స్ఫటికాలు అడ్డదిడ్డంగా పడి ఉన్నప్పుడు, వెలుతురు ఒకదానినుంచి మరొకదానిలోకి పోయేటప్పుడల్లా కొంత వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. చివరకు అన్ని రంగులూ సమానంగా అన్ని దిక్కులకూ చెదిరిపోతాయి. కంటికి అది తెలుపు. పగిలిన గాజు పొడి తెల్లగా ఉండటానికీ, సబ్బు నురుగు తెల్లగా ఉండటానికీ కారణం ఇదే.

తెడ్డుతో రుద్దకుండా, పలచటి పాకంలో దారం వేలాడదీసి రోజుల తరబడి కదల్చకుండా ఉంచితే? కొద్దిపాటి బీజాలే పుట్టి నెమ్మదిగా పెరుగుతాయి. అదే కలకండ. పాకాన్ని 150 డిగ్రీల దాకా కాచి, నిమ్మరసం చేర్చి చల్లారిస్తే? నిమ్మలోని ఆమ్లం కొంత చక్కెరను గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. ఈ కొత్త అణువులు మధ్యలో దూరి వరసను చెడగొడతాయి. స్ఫటికం ఏర్పడదు, గాజులాంటి ముద్ద మిగులుతుంది. అంగడిలో దొరికే నిమ్మ బిళ్ళ అలాంటిదే. ఒకే చక్కెర, మూడు రూపాలు!

అదను తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ముందే పోస్తే బీజాలు చాలవు; గింజలు పెద్దవై, పువ్వు అచ్చునుంచి తీసేటప్పుడే విరుగుతుంది. ఆలస్యమైతే పాకం గంజులోనే అంబలిలా చిక్కబడి రేకుల కొసలకు పారదు. చెడిన పాకాన్ని నీళ్ళు పోసి మళ్ళీ కాచవచ్చు. కాని కాచిన ప్రతిసారీ కొంత చక్కెర విడిపోతుంది, రంగు పసుపుకు తిరుగుతుంది. అలా విడిపోయిన చక్కెర గాలిలోని తేమను తొందరగా లాగుతుంది గనుక పువ్వు జిగటబారుతుంది. మంచి చక్కెర స్ఫటికమైతే గాలిలో తేమ దాదాపు 85 శాతం చేరేదాకా తడిబారదు. ఏడాదికొక పండుగను నమ్ముకొని సరుకు చేసే కుటుంబానికి ఒక్క గంజు చెడినా నష్టం చిన్నది కాదు. హోలీ పొడి గాలుల రోజుల్లో రావడం వారి అదృష్టమే.

పేరులోని పువ్వుకు అచ్చు ఉంది. మరి పెద్ద బేకరీల్లో కేకుమీద పెట్టే చక్కెర గులాబీ? దాని రేకులను ఒక్కొక్కటిగా వేళ్ళతో పలచగా ఒత్తి, అంచులు వంచి, మొగ్గ చుట్టూ అతికిస్తారు. మరిగిన పాకంతో ఈ పని కుదరదు. అందుకని చక్కెరను మెత్తటి పొడి చేసి, ట్రాగకాంత్ అనే బంకతో పిసుకుతారు. పేరు వింతగా ఉందా? ఎండాకాలం షర్బతులో నానబెట్టి వేసుకునే గోందు కతీరాయే అది. మన నల్లమలలో చెంచులు సేకరించే తపసి జిగురును కూడా ఇదే పేరుతో అమ్ముతుంటారు; విదేశీ వ్యాపారులు దానికి 'భారతీయ ట్రాగకాంత్' అని పేరు పెట్టారు. ఈ బంకల్లోని పొడవైన అణువులు నీటిని పీల్చి ఉబ్బి, వలలాగా అల్లుకుంటాయి. చక్కెర రేణువులు ఆ వలలో చిక్కుకొని ఉంటాయి గనుక రేకు వంగుతుంది కాని చిట్లదు. నీరు ఆరిపోయాక పింగాణీలా గట్టిపడుతుంది.

రంగుల సంగతి ఒక్క మాట. మరీ మెరిసే గులాబీరంగు మిఠాయి కనపడితే కొనకండి. రోడమీన్-బి అనే బట్టల అద్దకపు రంగును కొందరు తిండిలో కలుపుతున్నారు. దానివల్లనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది. మార్చిలో కర్ణాటక కూడా రంగుల పీచుమిఠాయిని నిషేధించింది.

ఇక మీరు చేయదగిన ప్రయోగం. పాకం జోలికి మాత్రం పోవద్దు. అది మరిగే నీటికంటే వేడి, పైగా చర్మానికి అంటుకొని వదలదు. పొయ్యి అక్కరలేని పని చెబుతాను.

చిటికెడు గోందు కతీరా పొడిని ఒక చెంచా నీటిలో రాత్రంతా నానబెట్టండి. ఇంట్లోనే పొడి చేసిన చక్కెరను పలచటి గుడ్డలో జల్లించి, చేతికి అంటుకోనంత వరకు కొద్దికొద్దిగా అందులో కలిపి పిసకండి. మరో గిన్నెలో అదే చక్కెరను ఉత్త నీటి చుక్కలతో ముద్ద చేయండి. రెండింటినీ రేకుల్లా ఒత్తి, వేలిచుట్టూ వంచి చూడండి. ఏది చిట్లింది? ప్రతి రకంలో ఒక రేకును ఆరుబయట నీడలోను, మరొకదాన్ని తడిగుడ్డ ఉంచిన మూతపెట్టిన డబ్బాలోను పెట్టి, మూడు రోజులపాటు పొద్దున, సాయంత్రం గోటితో నొక్కి చూసి నోటుబుక్కులో రాయండి. వానాకాలంలో మరోసారి చేసి ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి పోల్చండి.