రెండో రాత్రి కూడా హుండర్‌లోనే ఉండు



నువ్వు పంపిన లదాఖ్ ప్రయాణ పట్టిక చూశాను. సాయంత్రం నుబ్రా లోయలో దిగి హుండర్ ఇసుక తిన్నెల పక్కన గుడారంలో పడుకోవడం, పొద్దున్నే పాంగాంగ్ సరస్సుకి పరుగు, దారిలో పదిహేను నిమిషాలు దిస్కిత్ ఆరామం. ఆ పదిహేను నిమిషాలే నాకు నచ్చలేదురా.

ముందు ఒంటి సంగతి. విమానం దిగగానే లేహ్‌లో 3,500 మీటర్ల ఎత్తున ఉంటావు. రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకు. నుబ్రాకి వెళ్లే దారిలోని ఖార్దుంగ్ లా కనుమ 5,359 మీటర్లు. అక్కడ ఫొటో దిగి వెంటనే కదులు. హుండర్ లేహ్ కంటే దిగువనే, ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతుంది. అయినా తలనొప్పి, వాంతులు తగ్గకపోతే పంతానికి పోకుండా డాక్టర్‌కి చూపించుకో.

లేహ్ ప్రాంతంలో ఏడాదంతా పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. మన కోస్తాలో గట్టి వాయుగుండం ఒక్కరోజులో కురిపించేంత. గుడారాల పక్కన పారే కాలువ కొండ మీది మంచు కరిగి వచ్చిందే, ఊళ్లో బార్లీ చేలకీ అదే ఆధారం. బకెట్ వేడినీళ్లు ఇస్తే వాటితోనే సరిపెట్టుకో. రెండు మూపురాల ఒంటెలు ఎక్కాలనుంటే ఎక్కు. లేహ్ నుంచి యార్కండ్‌కి సరుకు మోసిన బిడారుల ఒంటెల సంతతి అవి. గత శతాబ్దం నడుమ సరిహద్దు మూసుకుపోయాక ఇక్కడే మిగిలిపోయాయి.

ఇక దిస్కిత్. కొండవాలుకి అతుక్కుని ఉన్న ఈ ఆరామం 14వ శతాబ్దం నాటిదని చెబుతారు. దిగువన 32 మీటర్ల మైత్రేయ బుద్ధుడు. 2010లో దలైలామా ప్రతిష్ఠించారు. అందరూ ఆ విగ్రహం ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నువ్వు మెట్లెక్కి పైకి వెళ్లు. ప్రార్థన వేళ ముందురోజే కనుక్కుని, తెల్లవారగానే వెళ్లి వెనక వరసలో కూర్చో. స్తూపాలకీ, మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన మణిగోడలకీ మన గుడిలో లాగే ప్రదక్షిణంగా నడవాలి. ఆ రాళ్లలో ఒక్కటి కూడా తీసుకోకు.

ఏ ఊరని భిక్షువులు అడిగితే హైదరాబాద్ అని ఊరుకోకు, తాతగారిది అమరావతి పక్క ఊరని చెప్పు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటక స్తూపం, అంటే మన అమరావతి స్తూపం దగ్గర బోధించాడని టిబెటన్ బౌద్ధుల నమ్మకం. దలైలామా 2006 జనవరిలో అమరావతిలోనే కాలచక్ర దీక్ష ఇచ్చారు. ఆ స్తూపం శిల్పాలు మద్రాసుకీ లండన్‌కీ తరలిపోగా మిగిలిన దిబ్బ చూస్తూ పెరిగాం మనం. దీపం పెట్టేవాళ్లూ, శాస్త్రం చదివేవాళ్లూ ఉన్న చోటు ఎలా ఉంటుందో నువ్వు చూడాలి. మన అమరావతి స్తూపం చుట్టూ కూడా ఒకప్పుడు అలాంటి జీవితమే నడిచింది. దిస్కిత్‌కి ఒక పూటైనా ఇవ్వాలి కదా నాయనా.

హుండర్ నుంచి దిస్కిత్ ఏడెనిమిది కిలోమీటర్లే. బుకింగ్ ఇంకా చెయ్యలేదన్నావు కాబట్టి రెండో రాత్రి కలుపు. సెలవు చాలకపోతే పాంగాంగ్ మానెయ్. డబ్బు తక్కువైతే నేను పంపుతాను, మీ అమ్మని అడగొద్దు.

ఇట్లు,
మామయ్య